అనాస, నారింజ, ఆఖర్లో రమ్: ఒక జామ్ ప్రాజెక్టు డైరీ

అనుకున్నది

అనాసపండు జామ్, అందులో నారింజ తొక్క వాసన, ఆఖర్లో ముదురు రంగు రమ్. మూత తీయగానే మూడూ విడివిడిగా ముక్కుకు తెలియాలి. చెంచాతో తీస్తే నిలబడాలి, రొట్టె మీద రాస్తే కారిపోకుండా పరుచుకోవాలి. తిన్నాక గొంతులో మందు ఘాటు మిగలకూడదు. లక్ష్యం ఇంతే.

చెప్పినంత తేలిక కాదని మొదటి నుంచీ తెలుసు. రమ్ వేసిన జామ్ అని చేసేవాటిలో ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకదాంట్లో రమ్ వేశామన్న తృప్తి మిగులుతుంది గానీ రమ్ మిగలదు, అంతా ఆవిరితో పోతుంది. రెండోదాంట్లో రమ్ తప్ప ఇంకేం తెలియదు. నాకు కావాల్సింది ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంది. ఆ చోటు ఎక్కడుందో కొలతలతో పట్టుకోవాలని ఈ డైరీ మొదలుపెట్టాను.

అనాసే ఎందుకంటే, దానికీ రమ్‌కీ నిజంగానే చుట్టరికం ఉంది. పండిన అనాస వాసనకు కారణమైన పదార్థాల్లో ఇథైల్ బ్యూటిరేట్ అనే ఎస్టర్ ఒకటి. చెరకు మడ్డిని పులియబెట్టి రమ్ తీసేటప్పుడు కూడా అది పుడుతుంది. అందుకే కొన్ని ఘాటైన రమ్‌ల మూత తీస్తే బాగా మగ్గిన అనాస వాసన కొడుతుంది. ఈ రెండింటినీ కలిపితే ఒకదాన్ని ఒకటి తోసేయవు, తోడవుతాయి.

అనాసతో ఇబ్బంది వేరే ఉంది. అందులో పెక్టిన్ తక్కువ. జామ్‌ను జామ్‌లా నిలబెట్టేది పెక్టినే. 1825లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆంరీ బ్రాకోనో ఈ పదార్థాన్ని వేరు చేసి పేరు పెట్టాడు. పండు కణాల గోడల్లో ఉంటుంది. నారింజ, నిమ్మ జాతి పండ్ల తొక్క లోపలి తెల్లటి దళసరి పొరలో దండిగా ఉంటుంది, గింజల చుట్టూ కూడా ఉంటుంది. కాబట్టి నారింజ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. తెల్ల భాగమూ గింజలూ జామ్‌కి ఒళ్లు ఇస్తాయి, పైన ఉన్న రంగు తొక్క వాసన ఇస్తుంది. మొదటిదానికి చాలాసేపు మంట కావాలి. రెండోదానికి మంట తగిలితే చేటు. ఈ ప్రాజెక్టంతా ఈ తగాదా తీర్చడమే అనుకోండి.

కాగితం మీద లెక్క

పొయ్యి వెలిగించేముందు త్రాసు బయటికి తీశాను. జామ్ అయిందో లేదో చూడటానికి చాలామంది చల్లటి పళ్లెం పద్ధతి వాడతారు, నేనూ వాడతాను. కానీ బరువు లెక్క అంతకంటే ముందే దారి చూపిస్తుంది.

జామ్ బాగా కుదరాలన్నా, నిల్వ ఉండాలన్నా అందులో కరిగిన ఘనపదార్థాలు, అంటే ముఖ్యంగా చక్కెర, 65 శాతం చుట్టుపక్కల ఉండాలి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రాసే కోడెక్స్ 2009 నాటి జామ్ ప్రమాణంలో కూడా 60 నుంచి 65 శాతం, లేదా అంతకు పైన అని ఉంది. నా పదార్థాలు ఇవి:

తొక్కా కళ్లూ తీసి, నడిమి గట్టి కాడ తీసేసిన అనాస ముక్కలు 1 కిలో
పుల్లటి ఆపిల్ తురుము 150 గ్రాములు
చక్కెర 800 గ్రాములు
రెండు నారింజల రసం, సుమారు 120 మి.లీ.
నిమ్మరసం 60 మి.లీ.

అనాసలో దాదాపు 86 శాతం నీళ్లే. దాని సొంత చక్కెర, పులుపు కలిపి కిలోకి 130 గ్రాముల దాకా లెక్కేశాను. ఆపిల్, రసాల నుంచి ఇంకో 40. వేసే చక్కెరతో కలిపి మొత్తం 970 గ్రాములు. దీన్ని 0.65తో భాగిస్తే 1,490 గ్రాములు వస్తుంది. గిన్నెలో ఉన్న పదార్థం ఆ బరువుకి దిగినప్పుడు జామ్ తయారైనట్టు.

ఇక్కడే రమ్ సంగతి అడ్డొస్తుంది. 40 శాతం రమ్ అంటే మిగతా 60 శాతం దాదాపు నీళ్లేగా. 60 మి.లీ. రమ్ చివర్లో పోస్తే 57 గ్రాముల దాకా కొత్త ద్రవం చేరుతుంది, పాకం మళ్లీ పలచబడుతుంది. అందుకని రమ్ పోయడానికి ముందే 67 శాతానికి, అంటే 1,450 గ్రాములకు దించాలని రాసుకున్నాను. రమ్ కలిశాక అది 64 దగ్గరికి వచ్చి ఆగుతుంది. రమ్ వేసిన జామ్ కాస్త జారుగా వచ్చిందని చెప్పేవాళ్లలో చాలామందికి కారణం ఇదేనని నా అనుమానం. జామ్ సరిగ్గా అయిన చోట ఆపి, దాని మీద రమ్ పోస్తారు.

ఖాళీ గిన్నె బరువు ముందే తూచి, గిన్నె అడుగున మార్కర్‌తో కాక డైరీలో రాసుకోండి. మార్కర్ మంటకి పోతుంది.

ముందు రాత్రి పనులు

నారింజలు రెండు, నిమ్మకాయలు మూడు. కొన్నిటి మీద మెరుపు కోసం మైనం పూస్తారు కాబట్టి వేడినీళ్లలో ముంచి, గరుకు బ్రష్‌తో రుద్ది కడిగాను. తర్వాత పీలర్‌తో నారింజ పై తొక్కని పలుచగా, పొడుగ్గా తీశాను. పట్టీ వెనక తెల్లదనం కనిపిస్తే కత్తి పడుకోబెట్టి గీరేశాను.

ఒక పట్టీని రంగు వైపు బయటికి వచ్చేలా మధ్యకు వంచి లైటు వెలుగులో చూస్తే ముచ్చటేస్తుంది. తొక్క మీది చిన్నచిన్న తిత్తులు పగిలి, సన్నటి తుంపర చిమ్ముతుంది. ఎదురుగా కత్తి పెడితే దాని మీద జిడ్డు చుక్కలు పడతాయి. నారింజ వాసనంతా ఆ నూనెలోనే ఉంది. అందులో ఎక్కువ భాగం లిమొనీన్. అది నీళ్లలో కలవదు, ఆల్కహాల్‌లో కలుస్తుంది. ఈ ఒక్క ముక్క తర్వాత ఎంత పనికొచ్చిందో ముందుకు చదివితే తెలుస్తుంది.

పట్టీలను 60 మి.లీ. రమ్‌లో వేసి, చిన్న సీసాలో మూత బిగించి పెట్టాను. ఒక నారింజ తొక్కలో సగం మాత్రం పక్కన ఉంచాను, దాన్ని సన్నగా తరిగి జామ్‌లోనే ఉడికించడానికి. నోటికి తగిలే తొక్క ముక్కలు వేరు, వాసన వేరు. రెండూ కావాలి.

రసం పిండాక మిగిలిన తెల్లటి తొక్క, పొరలు, గింజలు, ఆపిల్ నడిమి భాగం, దాని తొక్క, అన్నీ కలిపి పలుచటి నూలు గుడ్డలో మూట కట్టాను. కొన్ని గింజల్ని విడిగా ఒక గిన్నెలో కొంచెం నీళ్లు పోసి ఉంచాను, చూద్దామని. పొద్దున్నకి గింజల చుట్టూ పారదర్శకమైన జిగురు పట్టింది. వేలితో లాగితే సాగింది. అదంతా పారేయాల్సిన చెత్తే అనుకుంటాం మామూలుగా.

అనాస ముక్కల్ని సగం చక్కెరలో ఊరబెట్టడం కొందరి అలవాటు. నేను ఊరబెట్టలేదు, ఎందుకంటే చక్కెర తగిలాక నారింజ తొక్క ఇక మెత్తబడదు. ముందు తొక్క మెత్తగా ఉడకాలి, ఆ తర్వాతే చక్కెర. ఈ వరస మారితే జామ్‌లో తొక్క ముక్కలు నమిలినా నలగవు.

రమ్ లేని జామ్ ముందు

మొదటి విడతలో రమ్ పోయలేదు. పునాది కుదరకుండా దాని మీద ఏం వేసినా ఏది దేనివల్ల జరిగిందో తెలియదు.

అడుగు మందంగా, నోరు వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకున్నాను. లోతు గిన్నెలో ఆవిరి త్వరగా పోదు, ఎక్కువసేపు ఉడికించాల్సి వస్తుంది, ఎక్కువసేపు ఉడికితే పండు వాసన పోతుంది. అనాస ముక్కలు, ఆపిల్ తురుము, సన్నగా తరిగిన నారింజ తొక్క, నిమ్మరసం, గుడ్డ మూట, మునిగేలా 250 మి.లీ. నీళ్లు. సన్నని మంట మీద మూత పెట్టి ఉడికించాను. నలభై నిమిషాలకి తొక్క ముక్క రెండు వేళ్ల మధ్య నొక్కితే చితికిపోయింది.

మూట తీసి పళ్లెంలో చల్లారనిచ్చి, చేత్తో గట్టిగా పిండాను. మొదట పలుచటి నీళ్లే వచ్చాయి. ఇంకాస్త బలం పెడితే గుడ్డ నేతలోంచి చిక్కటి, జారుడు ద్రవం ఊరింది. చూడటానికి గంజిలా ఉంది గానీ, వేళ్లకి అంటుకుంటే అంత సులువుగా వదలదు. ఒక్క చుక్కా వదలకుండా గిన్నెలోకి గీరాను. ఎంత ఓపిగ్గా పిండితే జామ్ అంత నిలబడుతుంది.

పెక్టిన్ చాలిందా అని చూడటానికి పాత పరీక్ష ఒకటుంది. ఒక చెంచా రసం చల్లార్చి, మూడు చెంచాల సర్జికల్ స్పిరిట్‌లో, అంటే గాయాలకు వాడే ఆల్కహాల్‌లో వేసి మెల్లగా కదపాలి. ఫోర్క్‌తో ఎత్తగలిగేంత ఒకటే ముద్ద కడితే పెక్టిన్ బాగా ఉన్నట్టు. తునకలు తునకలుగా విడిపోతే తక్కువ. ఆపిల్ వేయకుండా తీసిన రసం తునకలైంది, వేశాక ముద్ద కట్టింది. పరీక్ష చేసిన ద్రవాన్ని రుచి చూడకూడదు, విషం. వెంటనే సింకులో పోసి, ఆ గిన్నె వేరుగా కడగాలి.

తర్వాత చక్కెర, నారింజ రసం. చక్కెర పూర్తిగా కరిగేదాకా మంట చిన్నగా, గరిటె ఆపకుండా. కరిగాక మంట పెద్దది. ఇక్కడి నుంచి పొయ్యి దగ్గర్నుంచి కదలకూడదు. ముందు తెల్లటి నురగతో గిన్నె అంచు దాకా పొంగుతుంది, అందుకే గిన్నెలో మూడో వంతుకు మించి నింపకూడదు. కాసేపటికి నురగ అణిగి, బుడగలు పెద్దవై, నెమ్మదిస్తాయి. చప్పుడు కూడా మారుతుంది. సలసల మన్నది కాస్తా బొద్దుగా, విడివిడిగా ‘బ్లుప్ బ్లుప్’ అంటుంది. ఇది విన్నాకే థర్మామీటర్ చూడటం మొదలుపెడతాను.

సముద్ర మట్టానికి దగ్గరున్నవాళ్లకి 104 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర జామ్ అవుతుంది. ఎత్తైన చోట ఉంటే నీళ్లే తక్కువ వేడికి మరుగుతాయి, 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. కాబట్టి ముందు ఉత్త నీళ్లు మరిగించి మీ థర్మామీటర్ ఎంత చూపిస్తుందో రాసుకుని, దానికి నాలుగున్నర డిగ్రీలు కలుపుకోవాలి. థర్మామీటర్‌లో తేడా ఉన్నా ఈ పద్ధతిలో దానంతట అదే సర్దుకుంటుంది.

వేడి 104 దాటగానే మంట కట్టేసి, గిన్నెతో సహా తూచాను. గిన్నె బరువు తీసేస్తే 1,470 గ్రాములు. మళ్లీ రెండు నిమిషాలు. ఫ్రీజర్‌లో పెట్టిన పళ్లెం మీద ఒక చెంచా వేసి, నిమిషం ఆగి వేలితో తోస్తే పైన ముడతలు పడ్డాయి. పళ్లెం పరీక్ష చేస్తున్నంతసేపూ మంట ఆపాలి. లేకపోతే మీరు ముడతల కోసం చూస్తుండగానే గిన్నెలో జామ్ ముదిరిపోతుంది.

చల్లారిన జామ్ ఎండుగడ్డి రంగులో, తేటగా వచ్చింది. నిలబడింది. పులుపు సరిపోయింది. పెక్టిన్ గట్టిపడటానికి ఆమ్లత పీహెచ్ 2.8 నుంచి 3.5 లోపు ఉండాలి, నిమ్మరసం పని అదే. రుచి కోసం వేస్తున్నాం అనుకుని కొందరు సగానికి తగ్గించేస్తారు. తగ్గిస్తే జామ్ జారిపోతుంది, ఆ తర్వాత చక్కెర మీద పడి ఏడవడం.

రమ్ ఎప్పుడు పోయాలి

అసలు పరీక్ష ఇది. పునాది ఒకటే, రమ్ కొలత ఒకటే, పోసే సమయం మాత్రమే వేరు. ఒక పాత్రలో చక్కెరతో పాటే పోశాను. ఒకదాంట్లో దించడానికి పావుగంట ముందు. మూడోదాంట్లో మంట ఆపాక.

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల పట్టిక ఒకటి ముందే దగ్గర పెట్టుకున్నాను. మరిగే వంటకంలో ఆల్కహాల్ పోసి వెంటనే దించేస్తే 85 శాతం నిలుస్తుంది. కలిపి పావుగంట ఉడికిస్తే 40 శాతం, అరగంటకి 35, గంటకి 25, రెండున్నర గంటలకి 5. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి వేడి తగలగానే మొత్తం ఎగిరిపోతుందని చాలామంది అంటారు. ఈ అంకెలు అలా చెప్పడం లేదు. నీళ్లలో కలిసిపోయాక అది నీళ్లతో పాటే మెల్లగా వెళుతుంది. మద్యం ముట్టనివాళ్లకి ‘ఉడికిపోయింది, ఏం లేదులే’ అని పెట్టడం అందుకే తప్పు.

ఆల్కహాల్ కొంత మిగిలినా, దాంతో వచ్చిన సువాసనల కథ వేరు. మొదట్లోనే రమ్ పోసిన జామ్ రంగు కొంచెం ముదిరింది, బెల్లం ఛాయ వాసన వచ్చింది, కింద ఎక్కడో కాస్త చేదు. రమ్ అని ఎవరూ చెప్పలేరు. పావుగంట ముందు పోసింది పరవాలేదు, కానీ పై వాసన పోయి అడుగు మాత్రం మిగిలింది. మంట ఆపాక పోసినదాంట్లో రమ్ నిండుగా ఉంది.

నిండుగా అంటే మరీ నిండుగా. మూడూ చల్లార్చి, గుర్తులు కనపడకుండా అక్క ముందు పెట్టాను. ఆమె నాలుక మీద నాకు నమ్మకం ఎక్కువ, మొహమాటం తక్కువ. మూడోది నోట్లో పెట్టుకుని, “ఇందులో మందే ఉందిరా, పండేదీ?” అంది. మొదటిదాన్ని మళ్లీ తీసుకుని, “ఇది బావుంది గానీ ఇందులో నువ్వేం వేశావో తెలీట్లేదు” అని పక్కన పెట్టింది.

సమయం సరైనదే, మరి రమ్ ఎందుకు విడిగా నిలబడింది? వేడిగా ఉన్నప్పుడు రుచి చూసి కొలత తేల్చడం ఒక కారణం. వేడి జామ్ మీంచి ఆల్కహాల్ ఆవిరి నేరుగా ముక్కుకెక్కి నషాళానికి అంటుతుంది, చక్కెర తీపి కూడా వేరుగా తెలుస్తుంది. చల్లారాక లెక్క మారుతుంది. రెండోది, సీసాలో ఊరడానికి టైము ఇవ్వకపోవడం. కానీ ముఖ్యమైన కారణం, అనాసకీ రమ్‌కీ మధ్య నారింజ లేకపోవడం. ఉడికించిన తొక్కలో నూనె చాలావరకు ఆవిరైపోయింది. వంటిల్లంతా నారింజ వాసన ఘుమఘుమలాడుతోందంటే, ఆ వాసన జామ్‌లో లేదనే అర్థం.

తొక్క నానిన రమ్

ముందు రాత్రి నారింజ పట్టీలు వేసి పెట్టిన సీసా ఇప్పుడు బయటికి వచ్చింది. రమ్ రంగు ఎలాగూ ముదురే కాబట్టి తేడా కంటికి కనపడదు. ముక్కుకి మాత్రం మూత తీయగానే తెలుస్తుంది. ఒక చుక్క గ్లాసు నీళ్లలో వేస్తే పలుచగా పాలరంగు తేలింది. ఆల్కహాల్‌లో కరిగిన నూనె, నీళ్లు ఎక్కువయ్యేసరికి విడిపోయి కంటికి కనపడని బిందువులైతే అలా మసకగా కనిపిస్తుంది. తొక్కలోని నూనె రమ్‌లోకి దిగిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఎక్కువ రోజులు నానబెడితే ఇంకా బాగుంటుందేమో అని ఇంకో సీసా వారం ఉంచి చూశాను. పెద్దగా లాభం లేదు. తెల్లభాగం ఏ కొంచెం అంటి ఉన్నా చేదు దిగడం మొదలవుతుంది. ఒక రాత్రి చాలు.

పోసే పద్ధతి కూడా మార్చాను. 105 డిగ్రీల జామ్‌లో రమ్ పోస్తే సుయ్యిమని పొంగి, పై వాసన అక్కడికక్కడే ఆవిరవుతుంది. మంట ఆపి, తెట్టు తీసేసి, గరిటెతో మెల్లగా కలుపుతూ 90 డిగ్రీలకు దిగనిచ్చాను. అప్పుడు తొక్క పట్టీలు తీసేసి, రమ్‌ని సన్నటి ధారగా పోస్తూ కలిపాను. 90 కంటే మరీ తగ్గనివ్వకూడదు, సీసాల్లో నింపేటప్పటికి 85 పైన ఉండాలి. ఇంకో లాభం కూడా ఉంది. పది నిమిషాలు ఆగడం వల్ల జామ్ చిక్కబడి, తొక్క ముక్కలు పైకి తేలిపోకుండా సీసా అంతా సమంగా నిలుస్తాయి.

గ్యాస్ పొయ్యి మీద చేసేవాళ్లకి ఒక గట్టి హెచ్చరిక. రమ్ సీసా మూత తీసేముందు బర్నర్ పూర్తిగా ఆపాలి, పక్క బర్నర్ కూడా. 40 శాతం మద్యం ఆవిరి గది వేడికి కాస్త పైనే అంటుకోగలదు. గిన్నెలోకి నేరుగా సీసాతో పోయొద్దు, చిన్న గ్లాసులోకి కొలిచి, సీసా దూరంగా పెట్టి, అప్పుడు పోయండి.

ఈ విడత చల్లారాక మూత తీస్తే ముందు నారింజ, వెంటనే అనాస, నోట్లో పెట్టుకున్నాక చివర్లో రమ్. రమ్ కొలత అంతే ఉంది, గ్రాము తగ్గించలేదు. అక్కకి ఇస్తే ఈసారి రెండో చెంచా అడక్కుండానే తీసుకుంది. “రమ్ తగ్గించావా?” అంది. లేదన్నాను. నమ్మలేదు.

మొత్తం జామ్‌లో ఆల్కహాల్ ఎంత అని లెక్కేస్తే, 60 మి.లీ.లో 24 మి.లీ., అంటే 19 గ్రాములు. ఒకటిన్నర కిలోల జామ్‌లో అది ఒక శాతానికి కాస్త పైన. తక్కువే, కానీ సున్నా కాదు.

పక్కదారులు

అదే పద్ధతిలో వేరే జతలు కూడా చిన్న గిన్నెల్లో చేసి చూశాను. అంజూర, బ్రాందీ, నారింజ బాగా కుదిరాయి. అంజూరలో పులుపు బొత్తిగా తక్కువ కాబట్టి నిమ్మరసం పెంచాలి, ఇక్కడ అది రుచి కోసమే కాదు, నిల్వ భద్రత కోసం కూడా. స్ట్రాబెర్రీతో వోడ్కా దండగ. వోడ్కాకి సొంత వాసన లేదు, ఘాటు మాత్రమే మిగిలింది. అయితే నిమ్మ తొక్క నానబెట్టడానికి వోడ్కా భేషుగ్గా పనికొచ్చింది, నిమ్మ వాసనకి అడ్డు రాదు. విస్కీకి ఉత్త నారింజ జామే సరిజోడు, అనాసతో వేస్తే పొగ వాసన ఒక వైపు, పండు ఒక వైపు లాగాయి.

జిన్‌తో గ్రేప్‌ఫ్రూట్ ఇంకా తేలలేదు. ఆ తొక్కలో నారింజిన్ అనే చేదు పదార్థం ఎక్కువ. చల్లటి నీళ్లలో వేసి మరిగించి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ కొత్త నీళ్లు పోస్తే తగ్గుతుంది. కానీ ప్రతిసారీ నీళ్లతో పాటు పెక్టిన్ కూడా కొంత పోతుంది. ఆ లెక్క మళ్లీ వేయాలి.

సీసాలు

గాజు సీసాలు, మూతలు సబ్బుతో కడిగి, మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, శుభ్రమైన గుడ్డ మీద బోర్లించాను. వేడి జామ్ చల్లటి సీసాలో పోస్తే సీసా పగులుతుంది, అందుకే సీసాలు వెచ్చగా ఉండగానే నింపాలి. పైన అర సెంటీమీటరు పైచిలుకు ఖాళీ వదిలి, అంచు తడిగుడ్డతో తుడిచి మూత బిగించాను. అంచు మీద జామ్ మరక ఉంటే మూత గాలి చొరబడకుండా పట్టదు, బూజు అక్కడి నుంచే మొదలవుతుంది. నిల్వ ఉంచాల్సిన సీసాలను మళ్లీ మరిగే నీళ్లలో మునిగేలా పది నిమిషాలు ఉంచాను. ఎత్తైన ప్రాంతాల్లో ఇంకాసేపు ఉంచాలి.

రమ్ ఉంది కదా, పాడవదులే అనే ధీమా వద్దు. ఒక శాతం ఆల్కహాల్ దేన్నీ ఆపదు. జామ్‌ని కాపాడేది చక్కెర, పులుపు, గాలి చొరని మూత. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి, తీసే చెంచా పొడిగా ఉండాలి.

ప్రతి సీసా మీదా ‘రమ్ ఉంది’ అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. పిల్లలకి, గర్భిణులకి, మద్యం ముట్టనివాళ్లకి తెలియకుండా పెట్టే వస్తువు కాదిది. వాళ్ల కోసం రమ్ పోయకముందే ఒక సీసా విడిగా తీసి ఉంచుతున్నాను. దాంట్లో దించేముందు కాస్త తాజా నారింజ తొక్క తురుము కలిపితే చాలు, తక్కువగా ఏమీ అనిపించదు. నిజం చెప్పాలంటే పొద్దున పూట నేను తినేది ఆ సీసాలోదే.

కొన్ని వారాలకి

నింపిన రెండు రోజుల వరకు సీసాలు కదపలేదు. పెక్టిన్ అల్లిక కుదురుకోవడానికి ఆ మాత్రం టైము కావాలి, మధ్యలో కుదిపితే మళ్లీ అంత గట్టిగా పట్టదు. మూడు వారాలకి తెరిచిన సీసాలో రమ్ అంచు బాగా మెత్తబడింది. మొదటి వారంలో తెరిచినదాంట్లో నాలుక కొసన కాస్త చురుక్కుమనేది, ఇందులో లేదు. నారింజ వాసన అలాగే ఉంది. ఆ మరీ ఘాటైన మూడో పాత్ర జామ్ కూడా ఊరాక కొంత సర్దుకుంది గానీ, నారింజ రమ్ వేసినదాని దరిదాపులకి రాలేదు.

రంగు విషయంలో మాత్రం తేడా కనిపించింది. వెలుగు తగిలే అరలో పెట్టిన సీసా చీకట్లో పెట్టినదానికంటే ముదిరింది. ఇకపై అన్నీ అల్మరా లోపలే.

ప్రస్తుతానికి ఖాయం చేసిన కొలత ఇది: తయారైన జామ్ ఒకటిన్నర కిలోలకి రమ్ 60 మి.లీ., అందులో ఒకటిన్నర నారింజ తొక్క ఒక రాత్రి నానాలి, మిగతా సగం తొక్క జామ్‌లో ఉడకాలి. 80 మి.లీ. వేసి చూస్తే పాకం జారింది, 40 వేస్తే నారింజ మిగిలి రమ్ కనపడలేదు.

తర్వాత మార్చబోయేది చక్కెర. తీపి ఇంకా తక్కువగా ఉంటే బాగుండునని తిన్నవాళ్లందరూ అంటున్నారు. కానీ చక్కెర 55 శాతం దిగువకి తగ్గితే పండులోని మామూలు పెక్టిన్ పట్టు ఇవ్వదు. దానికి తక్కువ మిథాక్సిల్ పెక్టిన్ అనే వేరే రకం, దాంతో పాటు కాల్షియం కావాలి. ఆ రకం చక్కెర మీద కాక కాల్షియం మీద ఆధారపడి గట్టిపడుతుంది. అప్పుడు నిల్వ లెక్క కూడా మారుతుంది, ఆ సీసాలు ఫ్రిజ్‌లోనే ఉంచి కొన్ని వారాల్లో ఖాళీ చేయాలి. పెక్టిన్ పొడి తెచ్చిపెట్టాను. అనాస ఇంకో రెండు రోజులు మగ్గాలి.